రైలు దిగి చూడవలసిన జపాను

ఆదివారపు పత్రికలలో విదేశయాత్రల ప్రకటనలు చూడని పాఠకుడుండడు. ఎనిమిది రోజులలో జపాను, పన్నెండు రోజులలో ఐరోపా, ఆద్యంతము ఏసీ బస్సు, పూటపూటకు పప్పు పచ్చడి పెరుగులతో మన భోజనము, వెంట మన వంటవాడు: ఇట్టి వాగ్దానములను నమ్ముకొని, జీవితమంతయు ఉద్యోగమునకో వ్యవసాయమునకో ధారపోసి, పిల్లలు స్థిరపడిన పిమ్మట లోకము చూడ బయలుదేరు పెద్దలను ఎగతాళి చేయుట నా యుద్దేశము కాదు, మోకాళ్ళ నొప్పులతో పరదేశమున సామాను మోసికొని తిరుగుట ఎవరికైనను కష్టమే, రాత్రికి చారన్నము దొరకునన్న ధైర్యము లేనిచో ఇల్లు కదలనివారు మనలో ఎందరో కలరు. అయితే ఆ యాత్రికులు తిరిగివచ్చి చూపు ఛాయాచిత్రములలో మంచు కప్పిన ఫుజి పర్వతము కనబడును, ఎర్రని తోరణముల వరుస కనబడును, బస్సు ముందు నిలువబడిన తోటివారందరు కనబడుదురు. ఆ దేశపు ప్రజలు గడచిన డెబ్బదియేండ్లలో తమ నిత్యావసరముల కొరకు కట్టుకొన్న భవనమొక్కటియు, వారు రోజూ తిను తిండి ఒక్క పూటదియు కనబడవు. నా ఫిర్యాదు అంతవరకే.

జపానువంటి దేశమునకు పోయి ఆధునిక వాస్తువును చూడగోరువాడు బస్సు దిగి రైలెక్కవలెను, రైలు దిగిన చోటనే తినవలెను అని నా వాదము. ఏలయన 1945 నాటికి బూడిదకుప్పలుగా మిగిలిన పట్టణములలో, చేత డబ్బు చాలక, ఇసుకయు సిమెంటును కొద్దిపాటి ఇనుమును మాత్రమే నమ్ముకొని ఆ ప్రజలు కట్టుకొన్న సభాభవనములకును కచేరీలకును, బియ్యము చాలని చోట గోధుమపిండిని నమ్ముకొని వారు వండుకొన్న వంటకములకును పుట్టుక యొక్కటే, అది లేమి. ఆ రెంటి గుమ్మమువరకు నేటికిని మనలను తీసికొనిపోవునది రైలుమార్గమే.

కాంక్రీటు చూచుటకు అంతదూరము పోవలయునా, కూకట్‌పల్లిలో లేదా, బెజవాడ బెంజి సర్కిలు చుట్టును లేదా యని అడుగువారుందురు. ప్రశ్న న్యాయమైనదే, సమాధానము టోక్యోలో ఉయెనో స్టేషను ఎదుటనే దొరకును. ఆ స్టేషను ఉద్యానద్వారమున వెలుపలికి వచ్చినంతనే, కొద్దిపాటి నడకలో, వాస్తుశిల్పి లె కొర్బూజియే రూపకల్పన చేయగా 1959లో పూర్తియైన పాశ్చాత్యకళల జాతీయ ప్రదర్శనశాల కలదు. స్తంభములపై నిలిచిన నలుచదరపు కట్టడము, నడుమ కప్పునుండి వెలుతురు దిగు మందిరము, అందుండి మెట్లు లేని వాలుబాట వెంట పైకిపోయి చుట్టు తిరిగివచ్చు ప్రదర్శనవీథులు. ఇంతే దాని సరంజామా. 2016లో యునెస్కోవారు ఏడు దేశములందలి 17 లె కొర్బూజియే నిర్మాణములను కలిపి ప్రపంచ వారసత్వసంపదగా ప్రకటించినప్పుడు, ఆ పట్టికలో దీనితోపాటు మన చండీగఢ్ శాసనసభా సముదాయమును చేరినది, కనుక ఆ మందిరమున అడుగిడు భారతీయుడు చుట్టరికముతోనే అడుగిడుచున్నాడు. అంతకన్న నన్ను నిలువబెట్టినది వేరొకటి: భూకంపముల భయముతో ఈ భవనమును కూల్చి కొత్తది కట్టుటకు మారుగా, దాని యడుగున త్రవ్వి, పునాదికిని కట్టడమునకును నడుమ రబ్బరు ఆధారములు చేర్చి, 1998 నాటికి ఉన్నదానిని ఉన్నట్లే కాపాడుకొనిరి. ఎదుటనే లె కొర్బూజియే శిష్యుడు కునియో మయెకవా కట్టిన సంగీతసభా భవనము, 1961 నాటిది, గురువు నెదుట నిలిచిన శిష్యునివలెనే యుండును. మన యూళ్ళలో యాబదియేండ్లు నిండిన సర్కారు భవనమునకు పట్టు గతి తలచుకొన్నచో ఆ వీథి దాటుట కొంచెము కష్టమే.

తెలుగువారికి ఈ కథలో మరియొక వాటా కలదు. అది మనలో చాలమందికి తెలియదు. బొహీమియాలో పుట్టి, 1919 చివర ఫ్రాంక్ లాయిడ్ రైట్ వెంట టోక్యోకు ఇంపీరియల్ హోటలు పనిమీద వచ్చి, అచ్చటనే స్థిరపడిన ఆంటోనిన్ రేమండ్ అను వాస్తుశిల్పి, 1930 దశకమున పుదుచ్చేరి అరవిందాశ్రమమువారి కోరికపై సాధకుల కొక వసతిగృహమును రూపకల్పన చేసెను. దానికి హైదరాబాదు సంస్థాన దివాను సర్ అక్బర్ హైదరీ పూనికతో నిజాము ప్రభుత్వమునుండి లక్ష రూపాయల విరాళము వచ్చెను. ఆ ఋణము తీర్చుకొనుటకే గోలకొండ గనుల పేరిట ఆ భవనమునకు గోల్కొండ్ అని పేరు పెట్టిరి. సముద్రపుగాలికి తెరచుకొని ఎండకు మూసికొను అడ్డపలకలే గోడలుగా గల ఆ గృహము, భారతదేశమున వెలసిన తొలి ఆధునిక కాంక్రీటు నిర్మాణములలో నొకటి. రేమండు కొలువులోని జార్జ్ నకషిమా అను జపాను సంతతి అమెరికను యువకుడు పనులు చూచుటకు పుదుచ్చేరి వచ్చి, ఆశ్రమమున చేరి, సుందరానంద యను పేరు పొందెను. మన సొమ్ముతో మన దక్షిణదేశమున పని చేసిన ఈ గురుశిష్యుల తక్కిన పనితనము చూడదలచినవారు జపానులో రెండు రైళ్ళెక్కవలెను: ఒకటి ఉత్తరమునకు, ఒకటి పడమటికి.

ఉత్తరపు రైలు మనలను తకసాకి అను మధ్యరకపు పట్టణమున దింపును. టోక్యోనుండి షింకన్‌సెన్ అను మిక్కిలి వేగపు రైలులో ఒక గంటకు లోపే. అచ్చటినుండి మార్గము రెండుగా చీలిపోవును గావున, యాత్రికులందరు ఆ స్టేషను మీదుగానే పోవుదురు గాని, దిగువారు మాత్రము అరుదు. దిగి నడిచినచో కోట కందకమునకు సమీపమున రేమండు కట్టిన గున్మ సంగీతకేంద్రము కనబడును. యుద్ధము ముగిసిన 1945లోనే, తినుటకు తిండి లేని కాలమున, ఈ ఊరివారు తమ కొక వాద్యబృందమును ఏర్పరచుకొనిరి. ఆ బృందము బడులకును పల్లెలకును తిరిగి వాయించెను. తుదకు దానికొక గూడు కావలెనని ఇనొవే ఫుసయిచిరో అను స్థానిక వ్యాపారి పట్టుపట్టగా, వ్యయములో కొంతభాగమును పట్టణప్రజలే చందాలుగా సమకూర్చుకొనగా, 1961లో సుమారు రెండువేలమంది కూర్చుండగల ఈ సభాభవనము లేచినది. స్తంభమొక్కటియు అడ్డులేని అంత పెద్ద కప్పును మోయునది మడతలు పడిన పలుచని కాంక్రీటు పలకయే. తాటాకు విసనకఱ్ఱను మడతలే నిలుపునట్లు, పలుచని పలకకు ఆ మడతలే బలమిచ్చినవి. డబ్బు తక్కువ గనుక సిమెంటు తక్కువ, సిమెంటు తక్కువ గనుక మడతలు. దాని సౌందర్యమంతయు ఆ పొదుపులోనుండి పుట్టినదే. భవనము ప్రక్కన నిలువెత్తు స్తంభముపై, ఆ కాలపు తకసాకి పౌరులు దీనిని నిర్మించిరని మాత్రమే చెక్కబడియున్నది. ముఖ్యమంత్రి పేరు లేదు, మంత్రి పేరు లేదు, శంకుస్థాపన చేసినవారి పేరును లేదు. మన శిలాఫలకములు చదివి చదివి అలసిన కండ్లకు ఆ రాయి ఎంత చలువయో చెప్పలేను.

ఆ ఇనొవేయే అంతకుముందు జర్మనీనుండి వెడలివచ్చిన బ్రూనో టాట్ అను ప్రఖ్యాత వాస్తుశిల్పికి, 1934నుండి 1936వరకు, ఊరి వెలుపలి షోరిన్‌జాన్ దరుమ దేవాలయమున ఒక చిన్న కుటీరములో ఆశ్రయ మిప్పించెను. ఆ దరుమ మరెవరో కాడు, మన కాంచీపురమునుండి చైనాకు పోయెనని సంప్రదాయము చెప్పు బోధిధర్ముడు. ఆయన ముఖమును గుండ్రని ఎర్రబొమ్మగా చేయు పరిశ్రమకు తకసాకి పుట్టినిల్లు. ఇచ్చటికి వచ్చితిమి గనుక తిండి మాట. జపాను స్టేషనులలో అమ్ము భోజనపు పెట్టెను ఎకిబెన్ అందురు; ఏ స్టేషను పెట్టె ఆ ఊరి పంటతో, ఆ ఊరి గుర్తుతో ఉండుట దాని ధర్మము. తకసాకిలో 1960నుండి అమ్ముచున్నది దరుమ ముఖమే మూతగా గల ఎర్రని పెట్టె. మూత తీసినచో సోయాతో ఉడికిన అన్నముపై కొండకూరలు, వెదురుమొలకలు, పుట్టగొడుగులు, కోడిమాంసపు ముక్కలు. తినిన పిమ్మట పెట్టెను పారవేయనక్కరలేదు. దరుమ నోటియొద్ద చిల్లర పట్టు సందు కలదు, కడిగియిచ్చినచో పిల్లలకు డబ్బులు దాచుకొను డిబ్బీ యగును.

తకసాకినుండి పల్లెరైలులో అరగంట పోయినచో యోకోకవా అను చిట్టచివరి స్టేషను వచ్చును. ఒకప్పుడది చిట్టచివరిది కాదు. దాని యావల ఉసుయి కనుమ కలదు. పదునైదడుగులు ముందుకు పోయినచో ఒక అడుగు పైకెక్కవలసినంత వాలు. 1893నుండి పండ్లచక్రముల సాయముతోను, పిమ్మట అదనపు ఇంజనుల తోపుతోను బండ్లు దానిని ఎక్కెడివి. ఇంజను తగిలించునంతసేపు ప్రతి బండియు యోకోకవాలో ఆగక తప్పదు గదా. ఆ కొద్ది నిమిషములే ఒక వంటకమునకు జన్మ మిచ్చినవి. 1958లో స్టేషను దుకాణమువారు మషికో మట్టిముంతలో వేడివేడిగా అన్నము, కోడి, పుట్టగొడుగు, వెదురుమొలక, కంజుపిట్ట గ్రుడ్డు, చెస్ట్‌నట్, ఖుబానీ పేర్చి అమ్మసాగిరి. చల్లారిన పెట్టెల కాలమున వేడి ముంత గొప్ప వింత. బండి కదలునప్పుడు ప్లాట్‌ఫారము మీద అమ్మకపువారందరు వరుసగా నిలిచి వంగి నమస్కరించెడివారు. 1997లో నగానొకు షింకన్‌సెన్ వచ్చి, యోకోకవానుండి కరుఇజవాకు పోవు పాతదారి మూతపడినది. ముంత మాత్రము మిగిలినది, నేటికిని అమ్మకమున్నది. వేగము తిండిని చంపునని కొందరందురు. ఇచ్చట వేగము దారిని చంపినది, తిండి బ్రతికి బట్టకట్టినది.

పడమటి రైలు ఒకయమవరకు షింకన్‌సెన్. అచ్చట మెరీన్ లైనరు అను సాధారణపు బండిలోనికి మారినచో గంటలోపే, లోపలి సముద్రము దాటి, షికోకు దీవిలోని తకమత్సు చేరవచ్చును. ఈ దాటుట యున్నదే, అది కిటికీప్రక్క కూర్చుండి అనుభవింపవలసినది: పదమూడు కిలోమీటర్ల వంతెన, పై అంతస్తున కార్లు, క్రింది అంతస్తున రైలు, ఇనుప దూలముల సందులనుండి దీవులు, పడగలెత్తిన ఓడలు, చేపలవలలు కనబడుచు మాయమగుచుండును. ఆ వంతెనకు మూలము మాత్రము దుఃఖము. 1955 మే 11న పొగమంచులో షియున్ మారు అను రైల్వే పడవ మరియొక పడవను ఢీకొని మునుగగా 168 మంది చనిపోయిరి. వారిలో విజ్ఞానయాత్రకు బయలుదేరిన బడిపిల్లలు ఎందరో. ఆ యేడుపునుండి పుట్టిన కోరిక 1988 ఏప్రిలులో వంతెనగా నెరవేరినది. పడవలు నడచిన దినములలో ప్రయాణికులు రైలు దిగి, పడవ పైతట్టునకు పరుగెత్తి, గాలిలో నిలువబడి ఉదోన్ అను పిండిదారముల వేడి చారు త్రాగుట ఆ దారిలో ఒక ఆచారము. వంతెన వచ్చి ఆ ముచ్చట పోయినదని తకమత్సు వృద్ధులు నేటికిని చెప్పుకొందురు.

తకమత్సులో చూడవలసినది వాస్తుశిల్పి కెంజో టాంగే కట్టిన కగవా పరగణా ప్రభుత్వ కార్యాలయము, 1958 నాటిది. ఒక జిల్లా కలెక్టరు కచేరీని చూచుటకు విదేశయాత్రయా యని పరిహసింపకుడు. గవర్నరు కనెకో మసనోరి, చిత్రకారుడు ఇనొకుమా గెనిచిరో సలహామేరకు యువకుడైన టాంగేను పిలిపించి, కొత్తగా వచ్చిన ప్రజాస్వామ్యమునకు తగిన కచేరీ కట్టుమనెను. టాంగే చేసిన మొదటి పని, నేల అంతస్తును గోడలు లేక, కావలివారు లేక, స్తంభముల నడుమ ఊరి కప్పగించుట. ఎవరైనను వీథినుండి నేరుగా లోపలికి వచ్చి, తోటలో కూర్చుండి, ఇనొకుమా పింగాణీ కుడ్యచిత్రము చూచి, ఎవరిని ఏమియు అడుగక వెడలిపోవచ్చును. పై అంతస్తుల వరండాల క్రింద వరుసలుగా పొడుచుకొనివచ్చిన సన్నని కాంక్రీటు దూలములు పాతదేవాలయముల వాసములను తలపించును. దగ్గరకు పోయి చేయివేసినచో, పోతపోయుటకు వాడిన పలకల చెక్కనార యచ్చులు ఆ కాంక్రీటుపై ఇప్పటికిని తెలియును. వడ్రంగి చేయి నేర్పు సిమెంటులోనికి దిగిన భవనమది. 2022లో దానిని జాతీయ సాంస్కృతిక సంపదగా గుర్తించిరి. ఉద్యోగులు మాత్రము ఎప్పటివలెనే అందులో దస్త్రములు వ్రాసికొనుచున్నారు.

ఆ ఉద్యోగులు తిను చోటనే మనమును తినవలెను. కగవా జపానులో అన్నింటికన్న చిన్న పరగణా. వానలు తక్కువ, నదులు సన్నవి, మన రాయలసీమవలెనే చెరువులపై బ్రతికిన నేల. వరి చాలక గోధుమ, ఎదుటి సముద్రమున ఉప్పు, ఇబుకి దీవిలో ఎండబెట్టిన నెత్తళ్ళు, షోదో దీవిలో సోయారసము. ఈ నాలుగును కూడినప్పుడు సనుకి ఉదోన్ అను లావు దారపు పిండివంటకము పుట్టక మానునా? పిండిని ఉప్పునీటితో తడిపి, పొరలో చుట్టి, కాళ్ళతో తొక్కి తొక్కి బిగింతురు. దుకాణమున పలకరింపులు తక్కువ: ఒక ముద్దయా, రెండు ముద్దలా అని మాత్రము అడుగుదురు, మన గిన్నెను మనమే అందుకొని, పిడి గల జల్లెడబుట్టలో ఉదోన్ వేసి, మరుగు నీటిలో కొన్ని క్షణములు ముంచి, ఎత్తి, విదిల్చి, గిన్నెలో వేసికొని, కుళాయి త్రిప్పి నెత్తళ్ళ చారు పట్టుకొని, ఉల్లికాడలును అల్లపు తురుమును చల్లుకొనవలెను. మొదటిసారి నేను గిన్నెతో దారికడ్డముగా నిలువబడగా, వెనుకనున్న ఒక టోపీ పెద్దాయన ఏమియు ననక నా చేతిలోని బుట్టను తాను పట్టుకొని, ముంచి, నీరోడ్చి, నా గిన్నెలో వేసి, తన వంతుకు పోయెను. ఆ బల్లయొద్ద గుమాస్తాయు, లారీ డ్రైవరును, బడిపిల్లయు ఒకే పొడుగు బెంచీపై కూర్చుండి పది నిమిషములలో ముగింతురు. స్తంభముల నడుమనుండి ఊరికి తెరచియుంచిన ఆ కచేరీని కట్టిన బుద్ధియు ఈ బెంచీని వేసిన బుద్ధియు ఒకటేనని అచ్చట కూర్చున్నవానికి వేరుగా చెప్పనక్కరలేదు.

శాకాహారులకు మాత్రము నిజము చెప్పవలెను. జపానులో చారు అనగా చేప. నెత్తళ్ళు కానిచో పొగబట్టిన చేపతరుగు. పైకి కూరముక్కలే కనబడు వంటకమునందు సైతము అది యుండును. ఉదోన్‌ను చారు వలదని సోయారసముతో మాత్రమే తినువారు కలరు గాని, ఆ సోయాలోను ఒక్కొక్కప్పుడు చేపచారు కలిసియుండును గనుక అడిగి తెలిసికొనవలెను. మఠములలో వండు షోజిన్ భోజనము సంపూర్ణ శాకాహారము. ఒసాకానుండి రైలులోను, పిమ్మట తాడు లాగు రైలులోను ఎక్కిపోవు కోయసాన్ కొండపై అట్టి భోజనము పెట్టు మఠములు పెక్కులు కలవు. ఆవకాయ సీసా తీసికొనిపోవుట తప్పని నేననను. దానిని రాత్రి గదిలో తెరువుడు, పగలు దుకాణములో వలదు.

తకమత్సునుండి కొతొదెన్ అను చిన్నబండిలో షిదో మార్గమున పోయినచో, సుందరానందుడైన నకషిమా పేరిట నెలకొల్పిన స్మారకశాల కలదు. పుదుచ్చేరి విడిచి అమెరికాకు పోయి కొయ్యపనిలో జగత్ప్రసిద్ధుడైన ఆయన, 1960 దశకమున ఇచ్చటి వడ్రంగులతో చెలిమి చేసెను. ఆయన కుర్చీలను బల్లలను ఆ వడ్రంగుల కార్ఖానావారు నేటికిని చేయుచున్నారు. చెట్టు అంచును చెక్కక వదలిన ఆ బల్లలముందు నిలువబడిన తెలుగువాడు, ఈయన యౌవనమున కట్టిన భవనమునకు మన గోలకొండ పేరే పెట్టిరి గదా యని తలచుకొనుట స్వాభిమానము క్రిందికి రాదనుకొందును.

హిరోషిమాను గూర్చి నేను విస్తరింపలేదు. అచ్చటికి అందరును పోవుదురు గనుక. అయినను పోవువారు టాంగే 1955లో పూర్తిచేసిన శాంతి ప్రదర్శనశాలలోని వస్తువులను మాత్రమే చూచి రాక, స్తంభములపై లేచిన ఆ కట్టడము క్రిందనుండి, సమాధిచిహ్నపు తోరణము మీదుగా, అణుబాంబుకు మిగిలిన గుమ్మటమువరకు చూపును ఒక్క గీతగా లాగిన తీరును చూడవలెను. స్టేషనునుండి ట్రాములో పోవలెను; బాంబు పడిన మూడవనాడే కొంతమేర నడచిన ట్రామది. తినుటకు పెనముపై పలుచని పిండి, దానిపై గుట్టగా క్యాబేజీ, దానిపై నూడుల్సు, గ్రుడ్డు పేర్చి వేయించు ఒకొనొమియకి. యుద్ధానంతరపు క్షామమున గోధుమపిండితో కడుపు నింపిన వంటకమే నేడా నగరపు గర్వకారణము.

డబ్బు మాటకు వచ్చినచో, విదేశీయులకు అమ్ము జపాను రైల్వే పాసు ధర 2023 అక్టోబరులో బాగుగా పెరిగినది. ఏడు రోజుల సాధారణ పాసు 29,650 యెన్ల నుండి 50,000 యెన్లకు చేరినది. కనుక దేశమంతయు చుట్టివచ్చు దుగ్ధ మాని, ఒక దిక్కు ఎంచుకొని, విడి టికెట్లతోనో ప్రాంతీయపు పాసుతోనో పోవుట మేలు. తక్కువ ఊళ్ళు, ఎక్కువ పూటలు.

ఒక తొందరయు కలదు. పాత దేవాలయములకు కాపుదల కలదు; ఈ కాంక్రీటు భవనములన్నింటికిని లేదు. టోక్యోలో వాస్తుశిల్పి కురొకవా కట్టిన నకగిన్ గదుల గోపురము 1972లో లేచి 2022లో నేలమట్టమైనది. తకమత్సులోనే, ఓడ ఆకారమున టాంగే 1964లో కట్టిన వ్యాయామశాల 2014లో మూతపడగా, దానిని కూల్చివేయుటకు 2023లో అచ్చటి ప్రభుత్వము నిశ్చయించినది. తకసాకి వాద్యబృందము 2019లో కొత్త నాటకశాలకు తరలిపోయినది. మడతల కప్పు క్రింది పాత సభ భవిష్యత్తేమో ఆ ఊరివారే తేల్చుకొనవలెను.

కనుక యాత్రలు నడుపు సంస్థలవారికి నా విన్నపము: ఎనిమిది రోజులలో రెండింటిని బస్సు లేక, వంటవాడు లేక, విడిచిపెట్టుడు, యాత్రికుల చేతికి రైలు టికెట్టు ఇచ్చి, సాయంకాలము ఫలాని స్టేషనులో కలిసికొందుమని చెప్పుడు. మనవారు తప్పిపోరు. పాఠకులకు ఒక్కమాట: తకమత్సుకు పోవువారు ఉదయమే బయలుదేరుడు, మంచి ఉదోన్ దుకాణములు చాలవరకు పిండి అయిపోయినంతనే, మధ్యాహ్నమునకే, తలుపులు మూసివేయుదురు.